చెలిమె నీళ్లు

కొమురయ్య వడిసెలలో రాయి పెట్టి బావి దగ్గర నిలబడ్డాడు. రజాకార్లు వస్తే కొట్టడానికని సంఘం వాళ్లు నేర్పిన విద్య అది. ఈ పొద్దు మాత్రం అతని గురి బిందెతో వస్తున్న రూతు మీద ఉంది.

"ఆడ్నే ఆగు. గత్తర ఇంటోళ్లకు ఈడ నీళ్లు లేవని చెప్పిన్నా లేదా?"

"అవ్వ నాలిక పిడుచగట్టింది మామా. ఒక్క బిందె..."

"ఇంకో అడుగేస్తే ఇడుస్త."

రూతు బిందె చంకన పెట్టుకుని అక్కడే ఆగింది. తల్లి మార్తమ్మ నిన్నటి నుంచి కలరా సోకి వాంతులు, విరేచనాలతో తోటకూర కాడలా వాడిపోయి ఉంది. కాచిన నీళ్లు, ఉప్పేసిన గంజి ఆపకుండా తాపితేనే బతుకుతుందని సంఘం సమ్మక్క చెప్పింది. ఆమె పెద్దవంగర దిక్కున గత్తరొచ్చిన ఊళ్లు తిరిగి వచ్చిన మనిషి.

కేక విని సమ్మక్క ఉరికొచ్చింది. "పోరి మీదనా అన్నా నీ ప్రతాపం? ముట్టుకుంటె అంటదు. కక్కుడు, పారుడు నీళ్లల్ల కలిసి, గా నీళ్లు తాగితెనే అంటుతది. నువ్వే చేది దాని బిందెల పొయ్యి."

వాగు నుంచి కడవతో వస్తున్న అండాలు ఆగింది. "వాగుకు పొమ్మను. మేం ఇసుకల తోడిన చెలిమె నీళ్లు తాగుతలేమా? దొరసానా ఇది?"

రూతు చూపు అండాలు కడవ మీద పడింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే తల్లికి గుక్కెడు నీళ్లు కూడా దక్కవేమో.

"అవి తాగకు అత్తా!" అంది. "నిన్న అవ్వ బట్టలు వాగులనే ఉతికిన. చెలిమెలకు ఎగువ దిక్కున."

కడవ అండాలు చంకలోంచి జారి పగిలింది. "పొద్దుగాల్నే పిల్లలకు తాపిన్నే!"

కొమురయ్య వడిసెల లేచింది. సమ్మక్క అడ్డం నిలబడింది.

"కొట్టు. బావి కాడికి నువ్వు రానియ్యకపోతివి, ఇంకేడ ఉతకాలె? రేపు దాని పిల్లలకు గత్తరొస్తే అండాలునూ తరుముతవా? ఆమె గూడ బట్టలు ఉతక వాగుకే పోతది."

కొమురయ్య చెయ్యి దిగింది. రాయి కింద పడేసి, చేద బావిలోకి వదిలాడు. సమ్మక్క చెలిమెలు పూడ్చడానికి పారలు తెమ్మని కేకలేస్తూ వాగు వైపు పరుగెత్తింది.

రూతు నీళ్లు కాచింది, గంజి వార్చింది. మార్తమ్మ మొదటి గుక్క కక్కేసింది. రెండోది నిలిచింది.

గడప మీద నీడ పడింది. అండాలు. ఊరంతా ముక్కు మూసుకుని తప్పుకున్న ఆ గుడిసెలోకి వచ్చి, మార్తమ్మ పక్కనే కూలబడింది.

"ఉప్పెంత ఎయ్యాలె బిడ్డా?" అంది. "చిన్నోనికి కడుపుల నొస్తాందట."