దారం కొలత

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమెకి సరిపడే చెప్పులు ఒక్క జత కూడా దొరకలేదు. తప్పు ఆమె పాదాలదేనని ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది.

"పాదాలా అవి, చేటలు" అంది అత్తగారు, కొత్త కోడలు గుమ్మంలో విడిచిన చెప్పుల్ని కాలితో పక్కకి నెడుతూ. మొగుడు నవ్వి, బాతు అని పేరు పెట్టాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. చుట్టాలు వస్తే వాళ్ళ ముందు కూడా బాతే.

చెప్పులు ఎప్పుడూ అతనే తెచ్చేవాడు. మడమ నుంచి బొటనవేలి దాకా దారం పట్టి, తెంపి, జేబులో వేసుకుని వెళ్ళేవాడు. నలుగురి ముందు ఆ కాళ్ళు చూపించుకోవడం దేనికని అతని వాదన. అతను సర్వేయరు. బెత్తెడు తేడా రాకుండా పొలాలు కొలిచి హద్దురాళ్ళు పాతించినవాడు. కొలతల విషయంలో అతనికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. బిగుతుగా ఉన్నాయంటే, ఈసారి సరిపోయేవే తెస్తానని మాటిచ్చి ఒక సైజు పెద్దవి తెచ్చేవాడు. వేళ్ళ ముందు ఖాళీ పెరిగేది, పక్కల నొక్కుడు అలాగే ఉండేది. నడిస్తే టపటపా చప్పుడు. చప్పుడైతే మళ్ళీ బాతు. ఆస్పత్రి మందుల కౌంటర్లో ఆమె రోజుకి తొమ్మిది గంటలు నిలబడేది. బల్ల కింద చెప్పులు విప్పి, చల్లని గచ్చు మీద పాదాలు ఆనించి, మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేది. ఒకరోజు సూపర్‌వైజరు వంగి చూసి, వరసలో నిలబడ్డ రోగులందరూ వినేలా, ఇదేమన్నా మీ ఇల్లనుకున్నారా అన్నాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చుంది గనక, అనుకుందామె.

వాళ్ళ ఫ్లాట్ల వెనక ఎర్రమట్టి టెన్నిస్ కోర్టు ఉంది. ఆదివారాలు సర్వేయరు, అతని స్నేహితుడు బీమా ఏజెంటు అక్కడ ఆడేవారు. ఆమె పని బంతులు ఏరివ్వడం, మంచినీళ్ళ సీసా అందివ్వడం. ఏరుతూ ఏరుతూ ఆట మొత్తం నేర్చేసుకుంది. మొగుడికి ఎడమవైపు బంతి వస్తే చెయ్యి తిరగదని ఆమెకి తెలుసు. ఆ సంగతి అతనికే తెలియదు. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళినప్పుడల్లా, ఎవరో పారేసిన పాత రాకెట్‌తో ఒట్టి కాళ్ళ మీద గోడకేసి కొట్టేది. రెండేళ్ళుగా కొడుతూనే ఉంది. తడిబట్టలు పట్టుకుని మేడెక్కిన పై అంతస్తు పళ్ళ డాక్టరు అది చూసింది.

"వదినా, ఈ ఆట గోడతో ఎందుకు? వచ్చే ఆదివారం నువ్వూ నేనూ ఒక జట్టు. మీ ఆయన, ఏజెంటు ఇంకో జట్టు" అంది.

బూట్లు లేనిదే కోర్టులో అడుగు పెట్టనివ్వరు. విషయం ఇంట్లో చెబితే సర్వేయరు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. బాతుకి బూట్లా అన్నాడు. నవ్వడం అయ్యాక, సరేలే దారం పట్రా అన్నాడు.

"ఈసారి నేనే వెళ్తాను" అందామె.

డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్ళింది. మొదటి షాపువాడు మగవాళ్ళ అర చూపించాడు. రెండో షాపువాడు ఇటుకల్లాంటివి తెచ్చి పడేసి, ఈ కాళ్ళకి ఇవే గతి అన్నట్టు చూశాడు. అవి వేసుకుని పరిగెత్తడం కన్నా గోనెబస్తా మోసుకుంటూ పరిగెత్తడం మేలు. మూడో షాపులో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ సైజు అడిగితే, ఈమె ఎనిమిది అని చెప్పింది.

"ఎవరు చెప్పారు?"

"మా ఆయన కొలిచారు."

పెద్దావిడ ఒక ఎనిమిదో సైజు బూటు లోపలి అట్ట బయటికి లాగి, నేల మీద పరిచి, దాని మీద నిలబడమంది. కూర్చుంటే పాదం అసలు వెడల్పు తెలియదట, బరువు పడాలట. పాదం రెండు వైపులా అట్ట దాటి పొర్లింది. వేళ్ళ ముందు మాత్రం అంగుళం అట్ట ఖాళీగా మిగిలిపోయింది.

"మీది ఆరే అమ్మా. పొడుగు కాదు, వెడల్పు. మీలాంటి కాళ్ళు రోజుకి పది చూస్తాను నేను. మీ ఆయనకి అడ్డంగా కొలవడం రాదా?"

ఆమెకి ఫక్కున నవ్వొచ్చింది. ఊళ్ళో ప్రతి పొలం చెక్కనీ నిలువూ అడ్డమూ కొలిచిన మనిషి పదహారేళ్ళ పాటు పెళ్ళాం పాదానికి అడ్డం ఉంటుందని అనుకోలేదు. పెద్దావిడ లోపలికి వెళ్ళి నాలుగు జతలు తెచ్చింది. మూడు తేలిగ్గా ఉన్నాయి గానీ సన్నం. నాలుగోది అరచేతిలో పెడితే ఉత్త డబ్బా ఇచ్చిందేమో అనిపించింది. పెద్దావిడే తొడిగి, పాదం వెడల్పుగా ఉన్నచోట నొక్కకుండా ఒక కంత వదిలేసి లేసు కట్టింది. వేళ్ళు అయిదూ దేనికది విడివిడిగా, హాయిగా పరుచుకున్నాయి. ఆమె అద్దం దాకా నడిచింది. అక్కణ్ణుంచి తలుపు దాకా పరిగెత్తింది. ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా మళ్ళీ పరిగెత్తింది. టపటపా లేదు. పాతవి పొట్లం కట్టమంటారా అని పెద్దావిడ అడిగితే, అక్కర్లేదు, పారేయండి అంది.

ఆదివారం ఏజెంటు మర్యాద చేశాడు. వదినగారికి కాస్త మెల్లగా వెయ్యరా అన్నాడు. సర్వేయరు మెల్లగానే వేశాడు, మొదటి రెండు ఆటలే. ఆ తర్వాత గట్టిగా వేద్దామంటే ఊపిరి చాలలేదు. ఆమె ప్రతి బంతీ అతని ఎడమవైపే పంపింది. పరిగెత్తింది, జారింది, మోకాలు దోక్కుపోయింది, నవ్వుతూ లేచింది. ఇంత గాలి తన ఒంట్లో పడుతుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. ఆఖరి బంతి సున్నపు గీత మీద పడింది. అవుట్ అని సర్వేయరు అరిచాడు. పళ్ళ డాక్టరు వచ్చి మట్టిలో పడిన మచ్చ చూపించింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు.

"కొలుస్తారా?" అందామె, మామూలుగా.

అతను లేచి, రాకెట్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర అత్తగారు, ఎవరు గెలిచార్రా అని అడిగింది. కొడుకు కూర వడ్డించుకోవడంలో పడేసరికి కోడలి వైపు చూసింది.

"మేమే అత్తయ్యా. వచ్చే ఆదివారం కూడా నేను ఆడుతున్నాను. బంతులు ఏరడానికి మీ అబ్బాయి ఎవరినైనా చూసుకోవాలి."

"ఆ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర మాట్లాడొద్దు" అన్నాడు సర్వేయరు, కంచంలోకి చూస్తూ. "నేనూ మాట్లాడను."

మాట్లాడలేదు. ఆ ఇంట్లో అతను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.