కొవ్వొత్తి వాళ్ళ సోలాంజ్

మా లోయలో కొంబా అని పిలిస్తే సగం ఊరు వెనక్కి తిరుగుతుంది. కొంబ అంటే రెండు గుట్టల నడుమ పల్లం. ఆ పల్లంలో మొదట పొయ్యి రాజేసిన మేకలకాపరికి ఆ పేరు అంటుకుందట. అతని సంతానం దూరం పోలేదు. లియోన్‌లో నాలుగిళ్ళు, పారిస్‌లో ఒకటో రెండో ఉన్నాయంటారు. తక్కినవాళ్ళం ఇక్కడే, ఒకరి మీద ఒకరం. అందుకే ప్రతి కొంబా ఇంటికీ ఇంకో పేరుంటుంది. గంట వాళ్ళు, రంపం వాళ్ళు, వంకరకాలు వాళ్ళు.

మేం కొవ్వొత్తి వాళ్ళం. మా ముత్తాత ఒక కరువు చలికాలంలో చర్చిలోని కొవ్వొత్తులు దొంగిలించాడు. అవి పశువుల కొవ్వువి. సూప్‌లో కరిగించి పిల్లలకు పోశాడు. పిల్లలు బతికారు, పేరూ బతికింది. బళ్ళో ఎవడు ఆ పేరుతో పిలిచినా కొట్టేవాణ్ణి. నా భార్య సోలాంజ్‌కి పట్టింపు లేదు. సంతలో చీజ్ అమ్ముతూ "కొవ్వొత్తి వాళ్ళ చీజ్ అండీ, కొంటే వెలుగు ఉచితం" అని తనే అరిచేది. ఆ రాత్రుళ్ళు నేను ఆమెతో మాట్లాడేవాణ్ణి కాదు.

మార్చిలో ఆమె పట్నం ఆసుపత్రిలో పోయింది. మాకు పిల్లలు లేరు. జబ్బు సంగతి నేను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఎమిలియన్ పేపర్ ప్రకటన రాసుకుంటూ ఆగాడు.

"కింద కొవ్వొత్తి వాళ్ళు అని వేద్దామా రెజీస్ గారూ? అందరూ వేయిస్తారు."

"వద్దు."

"గంట వాళ్ళ సోలాంజ్ గారు కూడా ఉన్నారు కదండీ. వయసూ ఇంచుమించు అదే. పోనీ, మీ పేరైనా?"

"నా పేరు వేస్తే కొవ్వొత్తి తోక చదివేవాళ్ళే తగిలిస్తారు. సోలాంజ్ కొంబా అని ఆమె పేరు చాలు."

"మీ ఇష్టం."

శుక్రవారం చర్చిలో ఫాదర్, ఎమిలియన్, పెట్టె మోసేవాళ్ళు, నేను. బెంచీలన్నీ ఖాళీ. మా సోలాంజ్ ఎవరింట్లో జ్వరమొచ్చినా సూప్ గిన్నె పట్టుకెళ్ళిన మనిషి. ఒక్కరు రాలేదు. ఇంటింటినీ పేరుపేరునా మనసులో తిట్టుకున్నాను.

ప్రార్థన సగంలో ఉండగా గంట వాళ్ళ సోలాంజ్ వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. నీటి కాలువ కోసం ఊరందరినీ కోర్టుకీడ్చిన మనిషి. శ్మశానం దాకా నడిచింది. పెట్టె దింపబోతుంటే నా పక్కకు వచ్చింది.

"ఇందాక రొట్టెకని వెళ్తే, బేకరీ ఆవిడ నన్ను చూసి గోడకి అతుక్కుపోయింది. పేపర్ చూసి నేనే పోయాననుకుందట. ఊరంతా అదే అనుకుంటోందట. నా చావుకి ఎవరొస్తారో చూద్దామని వచ్చాను రెజీస్."

ఆమె తల తిప్పి, ఎవరూ లేని దారి వైపు చూసింది.

"చూశాను" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకైతే సరే. నీ పెళ్ళానికి ఈ గతేమిటయ్యా? ఇంటి గుర్తు వేయించడానికి నోరు రాలేదా?"

"దొంగతనంతో వచ్చిన పేరు పెట్టి సాగనంపమంటావా?"

"ఆ పేరుతో పిలిస్తే నవ్వుతూ పలికేది. సిగ్గు నీకు, ఖాళీ చర్చి ఆమెకా? పో, కెఫేలో అందరూ ఉన్నారు. వెళ్ళి చెప్పు."

"నువ్వు చెప్పకూడదా?"

"నాతో మాట్లాడేదెవరు? దయ్యమని లేచిపోతారు."

గొయ్యి దగ్గరివాళ్ళని ఆగమని చెప్పి కిందికి దిగాను. కెఫేలో పేకాట నడుస్తోంది. రంపం వాళ్ళ ఒక్తావ్ వైన్ గ్లాసు ఎత్తాడు.

"రా రెజీస్. గంట ఆగిపోయిందట కదా. ఇక కాలువ కేసు కూడా పోయినట్టే."

అందరూ నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక నేను పలకని మాట పలికాను.

"పోయింది కొవ్వొత్తి వాళ్ళ సోలాంజ్" అన్నాను. "పైన గోతి దగ్గర ఉంది."

ముక్కలు బల్ల మీద పడ్డాయి.

"మన సోలాంజా?" అన్నాడు ఒక్తావ్. "మరి పేపర్లో ఆ ముక్క ఎందుకు వెయ్యలేదు?"

అతను నా మొహంలోకి చూసి, టోపీ తీసుకుని లేచాడు.

పని బూట్లతోనే బయల్దేరారు. ఇద్దరు ముందు పరుగెత్తి తలుపులు తట్టారు. కొవ్వొత్తి సోలాంజ్, కొవ్వొత్తి సోలాంజ్ అని వీధి పొడుగునా వినిపించింది. ఆడవాళ్ళు ఏప్రన్లు విప్పకుండానే దిగి వచ్చారు. కొందరు ఏడుస్తున్నారు. నా భుజం మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వాళ్ళందరినీ ముందు పోనిచ్చి, చివర నడిచాను.