పిన్ని దగ్గు

"పిన్నిగారు ఇక లేరు. చాలా బాధాకరం. ఆవిడ కాల్స్ ఈ రోజు నుంచి తలా కాసిని పంచుకోండి," అన్నాడు టీమ్ లీడరు మీటింగులో. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, మధ్యలో ఊపిరైనా తీసుకోలేదు.

చంటిపిల్ల తల్లి వంటగట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి, పాపను చంకనేసుకుని వింటోంది. కంపెనీ కస్టమర్ల ఫిర్యాదులు వినేది వీళ్లే, ఎవరింట్లోంచి వాళ్లు. వీళ్ల ఫిర్యాదులు వినేది మాత్రం లీడరొక్కడే. "మీలో మీరు మాట్లాడుకుంటే గొడవలొస్తాయి. ఏదున్నా నాకు చెప్పండి, నేను సర్దుతాను" అని ఆయన నియమం. గొడవలు సర్దడమే ఆయన ఉద్యోగం. అవి లేకపోతే ఆయన గతేం కాను, పాపం.

టీమంతా పిన్ని అని పిలిచే ఆ పెద్దావిడ మొదట్లో మీటింగుకు ముందు పాపను పలకరించేది: "ఏమే బంగారం, రాత్రి మీ అమ్మను పడుకోనిచ్చావా?" ఒకనాడు లీడరు ఫోన్ చేసి, మీ పాప ఏడుపు భరించలేకపోతున్నానని పిన్ని ఫిర్యాదు చేసిందన్నాడు. ఈమె మైకు కట్టేసింది, మాటలూ కట్టేసింది. పిన్ని మైకూ మూగబోయింది. చాడీలు చెప్పిన నోరు ఇంకేం లేస్తుందిలే అనుకుంది ఈమె.

మధ్యాహ్నం పిన్ని కూతురు ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్క మాట. అమ్మ దగ్గు మీకంత ఇబ్బందయిందా?"

"నాకా?"

"మీరే కంప్లయింట్ చేశారని లీడరు చెప్పాడట. అప్పట్నుంచీ మైకు కట్టేసుకునే ఉండేది. కస్టమరు లైన్లో ఉంటే తువ్వాలు నోట్లో కుక్కుకునేది. డాక్టరు దగ్గరికెళ్లడానికి సెలవడిగితే దగ్గు మాట మళ్లీ ఎత్తుతారని అడగలేదు."

"నేననలేదు తల్లీ. వినబడటం లేదు కదా, తగ్గిపోయిందనుకున్నాను."

అవతల ఆ పిల్ల ఏడ్చింది. ఇవతల ఈమె.

ఆ సాయంత్రం లీడరు నియమం కాస్తా పొయ్యిలో పెట్టి, ఈమె టీములో అందరికీ ఫోన్లు చేసి ఒకే లైన్లో కలిపింది.

"నన్ను ముసలి నస అన్నావట కదమ్మా?" అన్నాడు రిటైరైన లెక్కల మాష్టారు.

"మీరు నన్ను సోమరి అన్నారట కదా?" అంది ఈమె.

ఇద్దరూ అనలేదు. ఇంటింటికీ ఒక్కో పుల్ల పెట్టి, చలి కాచుకున్నవాడు ఒక్కడే.

"ఎదురు తిరిగితే ఉద్యోగం పోతుంది. ఈ వయసులో నాకెవడిస్తాడు?" అన్నాడు మాష్టారు.

"పిన్నికీ అదే భయం మాష్టారూ."

చివరికి ఆయనే అన్నాడు: "ఇక నుంచి ఒక మనిషి మీద మాట, ఆ మనిషి ఎదుట లేకుండా మనం వినొద్దు."

మర్నాడు మీటింగులో లీడరు అలవాటుగా అడిగాడు: "ఎవరికైనా ఇబ్బందులున్నాయా?"

మాష్టారు దగ్గాడు.

"మాష్టారూ, మీ దగ్గు ఇబ్బందిగా ఉందని ఒకరు..."

"అందరూ ఇక్కడే ఉన్నారుగా. ఎవరో చెప్పమనండి."

లీడరు ఆయన మైకు కట్టేశాడు. ఇంకొకరు దగ్గారు. ఆ మైకూ కట్టేశాడు. మరొకరు.

చంటిపిల్ల తల్లి మైకు తెరిచింది. దగ్గబోతే ఏడుపొచ్చింది. అమ్మను చూసి పాపా అందుకుంది.

"పిన్ని కాల్స్ మేం తీసుకోం. ఆవిడకు మీరేం చెప్పారో ముందు అందరి ఎదుటా చెప్పండి," అంది. "ఈలోగా మా పాప ఏడుపు ఎవరికైనా ఇబ్బందా?"

మాష్టారు తన మైకు తనే మళ్లీ తెరిచాడు.

"ఏడవనీ అమ్మా. అందరం వింటున్నాం."