సంతకాల కాగితం మీద ప్రార్థన మనవులు

ముందే మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు తప్పుతాయి, ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది. ఇది రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులైనా కోపం తగ్గలేదు.

సూరత్ పక్కన కడోదరాలో ఒక చీరల కార్ఖానా మూడో అంతస్తులో ఇరవై ఆరుగురం ఆడవాళ్లం పని చేస్తాం. ఎంబ్రాయిడరీ అయి వచ్చిన చీరలకు వెనక వేలాడే దారాలు కత్తిరించి మడతపెడతాం. సాయంత్రం బండి వాటిని రింగ్ రోడ్ దుకాణాలకు తీసుకుపోతుంది. మాలో పదకొండు మంది మా ప్రార్థన మందిరం వాళ్లు. మిగిలినవాళ్లూ మాలాగే కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన ఇళ్లవాళ్లు.

దీపావళి తర్వాత సూపర్‌వైజర్ ఓంప్రకాష్ మా బాత్రూముకు తాళం వేశాడు. అందులో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నామట. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి తీస్తాడు. మధ్యలో అడిగితే వినబడనట్టే ఉంటాడు.

నా పక్కన కూర్చునే నవతకు అప్పుడు ఆరో నెల. బాత్రూముకు భయపడి నీళ్లు తాగడం మానేసింది. మంట, జ్వరం వచ్చి డాక్టరమ్మ దగ్గరికి వెళితే బాగా నీళ్లు తాగమని, అస్సలు ఆపుకోవద్దని, ఇట్లాగే ఉంటే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చని చెప్పింది. నవత భర్త బిక్షపతి మగ్గంలో చేయి నలిగి ఇంట్లో ఉన్నాడు. పని మానే వీలు ఆమెకు లేదు.

నేను వెళ్లి అడిగితే ఓంప్రకాష్ నవ్వాడు. అతనిది హిందీ, నన్ను మాసీ అంటాడు, అంటే పిన్నీ అని. "ఎప్పుడూ నువ్వొక్కదానివే వస్తావు మాసీ. ఇరవై మంది అడిగితే తాళమే తీసేస్తాను, పో" అన్నాడు.

మంగతో చెప్పాను. మంగ మా గల్లీలోనే ఉంటుంది. ఎవరికీ భయపడదు.

"మేమైతే పెడ్తం అక్కా సంతకం. ముందుగాల మీ మందిరపోళ్లతోని పెట్టించు. మైకుల పొద్దందాక ప్రేమ ప్రేమ అంటరు గదా, గీ పోరి మీద ఎంతుందో చూస్తం."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నాలుగు సాయంత్రాలు కూర్చుని పెద్ద అక్షరాలతో ఏడు వరుసలు రాశాను. బాత్రూము తెరిచి ఉంచాలని, కింద సంతకం చేసినవాళ్లమంతా అడుగుతున్నామని. ఆదివారం ఆ కాగితం పాస్టరు దేవదాస్ అయ్యగారికి ఇచ్చి, కార్ఖానా ఆడవాళ్లతో సంతకాలు చేయించమని చెప్పాను. "తప్పకుండా అమ్మా" అని బైబిల్లో పెట్టుకున్నారు.

మా మందిరంలో ఒక అలవాటు ఉంది. చివరి పాట పాడేటప్పుడు ఒక కాగితం చాపల వరుసల వెంట తిరుగుతుంది. ఎవరి పేరు వాళ్లు రాసి, పక్కన తమ కష్టం రాస్తారు. అయ్యగారు దాన్ని ముందు పెట్టుకుని ప్రార్థన చేస్తారు. ఆ రోజు అయ్యగారు ఏమీ చెప్పకుండా నా కాగితాన్నే అట్టమీద పెట్టి పంపారు. పైన ఉన్నది చిన్నవ్వ మనవి, అంటే నాది, అనుకున్నారు అందరూ. దాని కింద తమవి రాశారు.

కాగితం నా దగ్గరికి వచ్చేసరికి ముప్పై రెండు పేర్లు. రాములు, మోకాలి నొప్పి. స్పందన, తమ్ముడి పరీక్ష. ఒకామె కొడుకు తాగుడు మానాలని. మా కార్ఖానాలోనే పని చేసే సుగుణ రాసింది: "చిన్నవ్వకు సహనము కలుగును గాక."

పాట అయ్యాక అయ్యగారిని పట్టుకున్నాను.

"బాధపడకమ్మా. ఇంతమంది ప్రార్థన చేశారు. ఆ తలుపు దేవుడే తెరుస్తాడు."

"తాళం దేవుడు వెయ్యలే అయ్యగారూ, ఓంప్రకాష్ వేసిండు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ఇంకొకసారి ప్రార్థన చేశారు.

సోమవారం నేను పనికి తెచ్చిన ఆ కాగితం మంగ చదువుతూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వుకు ఓంప్రకాష్ వచ్చాడు. కాగితం లాక్కున్నాడు. తెలుగు రాదు కాబట్టి వేలితో పేర్లు లెక్కపెట్టాడు. ఇరవై దాటగానే ముఖం మారింది. జేబులోంచి తాళంచెవి తీశాడు. నవత అప్పటికే లేచి నిలబడింది.

"అందరూ బాత్రూము కోసమే రాశారా?" అని నన్ను అడిగాడు.

అవునంటే అయిపోయేది. కానీ ఆ కాగితం మీద ఏముందో నేను చదివాను. ఒక తల్లి తన కొడుకు తాగుడు గురించి రాసుకున్న మాటను, బాత్రూము గురించి రాసిందని ఎట్లా చెప్పాలి?

"కాదు. అవి వాళ్ల వాళ్ల ప్రార్థనలు. దీని కోసం రాసింది నేనొక్కదాన్నే" అన్నాను.

తాళంచెవి మళ్లీ జేబులోకి వెళ్లింది.

"ఊకుంటే అయిపోతుండె గదా పెద్దమ్మా" అంది నవత. "నీ నిజం నువ్వు చెప్పుకున్నవ్. కడుపుతోని ఉన్నది నేను."

నేను కత్తెర తీసుకుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర సుగుణ, మావాళ్లు నా చుట్టూ చేరారు. "తొందరపడకు చిన్నవ్వా, ఉపవాస ప్రార్థన పెట్టుకుందం" అన్నారు.

"పెట్టుకుందం. లేవండ్రి. ఆయన టేబుల్ కాడ నిలబడి చేద్దాం."

ఒక్కరూ లేవలేదు. నేను టిఫిన్ డబ్బా మూసి వెళ్లి ఓంప్రకాష్ టేబుల్ ముందు నిలబడ్డాను. తాళంచెవి కోసం చెయ్యి చాపి, చాబీ అన్నాను. నేను కత్తిరించాల్సిన చీరలు పేరుకుపోతున్నాయి, పో అన్నాడు. నిలబడ్డాను. పోకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు. నిలబడే ఉన్నాను. చాలాసేపటికి మంగ వచ్చి వెనక నిలబడింది.

"నీ దేవుని సంగతేమో గాని అక్కా, నా కాళ్లు గుంజుతున్నయ్. జర జల్ది ఇయ్యమను."

పోశమ్మ వచ్చింది. తర్వాత ఇంకా కొందరు. మూడింటికి పద్నాలుగు మందిమయ్యాం. మా మందిరం నుంచి నాతో కలిపి ఇద్దరం. కింద బండి హారన్ కొడుతోంది, మడతల బల్ల ఖాళీగా ఉంది. ఓంప్రకాష్ తాళంచెవి టేబుల్ మీదికి విసిరాడు. నవత దాన్ని తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్లింది.

మరునాడు మళ్లీ తాళం వేశాడు. మళ్లీ నిలబడ్డాం. ఇప్పటికీ అంతే, రోజూ నిలబడితేనే ఇస్తాడు. మావాళ్లు పదకొండు మందిలో ముగ్గురం వస్తున్నాం. మిగతావాళ్లు నా కోసం ప్రార్థిస్తున్నామని చెబుతారు, కూర్చున్న చోటునుంచే.

నవతకు ఎనిమిదో నెల వచ్చింది. నీళ్లు తాగుతోంది. నాతో మాట్లాడటం లేదు.

పోయిన ఆదివారం అయ్యగారు నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు తలుపు తెరిచిన సంగతి చెప్పాలట. తలుపు ఇంకా తెరవలేదని చెప్పాను. సోమవారం పన్నెండింటికి మూడో అంతస్తుకు రండి, నిలబడటానికి మనుషులు తక్కువున్నారని చెప్పి, నా చాప మీదికి వచ్చి కూర్చున్నాను.

చిన్నవ్వ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది కడోదరా, సూరత్.