ఊర్లో లేరప్పా

సంగటి కెలుకుతుండగా ఫోన్ మోగింది. నవనీత తెడ్డును కుండలో అట్లే నిలబెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ ముందు భర్త వైపు చూసింది. పురుషోత్తం కంచం ముందు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. ఎడమచెయ్యి మాత్రం పైకెత్తి ఈగను తోలినట్టు ఊపాడు. ఆ ఊపుకు అర్థం ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది.

"ఊర్లో లేరప్పా. పలమనేరు పోయినారు. వస్తానే చెప్తా."

అవతలి మనిషి సరేనమ్మా అన్నాడు. అందరూ సరేనమ్మా అనే అంటారు. ఫోన్ పెట్టేసి ఆమె మళ్ళీ తెడ్డు పట్టుకుంది. సంగటి ఉండ కట్టింది. "ఏమ్మే, ఇదేం సంగటా, గులకరాళ్ళా?" అన్నాడు పురుషోత్తం.

మదనపల్లెలో వాళ్ళది టమాటా మండీ. కింద ఆఫీసు, పైన ఇల్లు. పుంగనూరులో క్రేట్ల గోడౌను, కుప్పంలో ఒక చిన్న గది. మూడు ఊళ్ళలోనూ పాతకాలం ల్యాండ్‌లైన్లు. ఇంటి నంబరు క్రేట్లన్నిటి మీదా ఎర్ర పెయింటుతో రాసి ఉంటుంది. సెల్ నంబరు పురుషోత్తం మద్రాసు వ్యాపారులకే ఇస్తాడు. రైతులకు ఎర్ర పెయింటు నంబరే, ఆ నంబరుకు నవనీతే. ధర ఎక్కినప్పుడు అతనే తెల్లారకముందు రైతుల ఇళ్ళకు ఫోన్ చేసి "మామా, క్రేట్లు పంపిస్తాండా, వేరే మండీ వైపు సూడొద్దు" అని వరసలు కలుపుతాడు. ధర పడిపోయిందంటే ఆ మామలే ఫోన్ చేస్తారు. క్రేట్లు రానిదే కాయ కొయ్యలేరు. కొయ్యకుంటే పండు చెట్టు మీదే కారిపోతుంది. అప్పుడు ఎడమచెయ్యి లేస్తుంది. క్రేట్లు లేవని మొహం మీద చెప్పేస్తే రైతు ఆ పూటే ఇంకో మండీ చూసుకుంటాడు. పొయ్యి దగ్గరి ఆడమనిషి మెత్తగా "వస్తానే చెప్తా" అంటే ఆశతో కూర్చుంటాడు. పురుషోత్తానికి కావలసింది ఆ మెత్తదనమే. రెండు రోజులకు ధర లేస్తే పంట తనకే మిగలాలి, లేవకపోతే తన నెత్తికి రాకూడదు.

నవనీతకు మొదటినుంచీ భయాలు ఎక్కువ. ఉత్త "లేరు" అంటే మొగుడికి ఏం కీడు మూడుతుందోనని ముందు "ఊర్లో" చేర్చడం నేర్చుకుంది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆ పాపం బిడ్డకు తగులుతుందని కూతురు లక్ష్మీప్రియను తలుచుకుని చెంపలేసుకునేది. ప్రియ కుప్పంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. బిడ్డ బస్సెక్కితే బస్సు బోల్తా పడ్డట్టు, ఫోన్ ఎత్తకపోతే ఆసుపత్రిలో ఉన్నట్టు ఈమె కళ్ళ ముందు కనిపిస్తుంది.

కానీ సిద్దమ్మ ఫోన్ చేసిన రోజు జరిగినది మాత్రం ఏ భయంలోనూ ఆమె ఊహించనిది. సిద్దమ్మది రామసముద్రం పక్క పల్లె. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న మనిషి. వరసగా మూడు రోజులు పొద్దునా సాయంత్రం చేసింది. "కాయంతా ఎర్రబడిపోయిందమ్మా. నాలుగు క్రేట్లన్నా పంపించమని సెప్పు తల్లీ" అనేది. మూడో రోజు నవనీత "పలమనేరు పోయినారు సిద్దమ్మా" అంటుండగా పక్కనే అన్నం తింటున్న పురుషోత్తానికి మిరపకాయ నసాళానికెక్కింది. ఇల్లంతా వినబడేలా దగ్గాడు. అవతల నుంచి సిద్దమ్మ కోపం లేకుండా, అక్కచెల్లెలితో మాట్లాడినట్టే అంది.

"పలమనేరులో ఆయప్పకు దగ్గు పట్టుకున్నెట్టుండాది. మిరియాల కషాయం కాసియ్యమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. నవనీతకు చెవుల దాకా వేడెక్కింది. ఫోన్ పెట్టేసి చూస్తే, రిసీవర్లోంచి ఆ మాట విన్న పురుషోత్తం నవ్వుతున్నాడు. "ముసిల్ది గట్టిదే!" అన్నాడు. అత్త రాజమ్మ కూడా నవ్వింది. ఆ వారం సిద్దమ్మ కాయంతా ఎద్దులకు వేసిందని హమాలీలు చెప్పుకుంటుంటే మెట్ల మీద నిలబడి విన్నది నవనీత.

అది అక్కడితో ఆగలేదు. హాస్టల్లో ప్రియ గదిలోనే సిద్దమ్మ మనవరాలు ఉంటుందని ఈమెకేం తెలుసు? ఒక ఆదివారం ప్రియ ఫోన్ చేసి, తిన్నావా అంటే తిన్నానంది, జ్వరమా అంటే లేదంది. చివర్న గొంతు తగ్గించి, "మా, ఈడ హాస్టలు పిల్లోళ్ళు నీకు ఏం పేరు పెట్టినారో తెలుసా? ఊర్లో లేరమ్మ అంట. ఇంగ నువ్వు ఫోన్ ఎత్తొద్దు మా" అంది. కూతురు ఏడుస్తోందా, సిగ్గుపడుతోందా తెలియలేదు. బస్సు బోల్తా పడే కలలన్నీ కన్న తల్లికి, బిడ్డ తనవల్లే తల దించుకుంటుందన్న కల ఎప్పుడూ రాలేదు.

ల్యాండ్‌లైన్లు తీసేసే మాట వచ్చింది ఆ తర్వాతే. "మూడూర్లలో మూడు లైన్లు. మాట్లాడినా బిల్లే, మాట్లాడకున్నా బిల్లే. వానొస్తే ఒగటీ పలకదు" అని పురుషోత్తం దిలీప్‌ను పిలిపించాడు. దిలీప్ ఇంటర్నెట్ ఫోన్లు బిగించే మనిషి, నిమ్మనపల్లె రోడ్డులో దుకాణం. సోఫా అంచున కూర్చుని వివరించాడు. రాగి తీగ లైన్లు మూడూ తీసేస్తారు. పాత నంబర్లు అవే ఉంటాయి. పుంగనూరుకు చేసినా, కుప్పానికి చేసినా ఈడనే మోగుతుంది, కింద ఆఫీసులో ఒక ఫోను, పైన వంటింట్లో ఒకటి. ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

"ఫోన్లు ఎత్తేదానికి మనిషిని పెట్టుకుండారా సార్?" అని అడిగాడు.

"మనిషెందుకప్పా? మా ఇంటిది ఉండాది కదా. ఊరికేనే ఉంటాది" అన్నాడు పురుషోత్తం.

"కూసోని మాట్లాడేదే కదా, అదీ ఒగ పనేనా" అంది రాజమ్మ, నవనీత చేతి నుంచి కాఫీ గ్లాసు అందుకుంటూ.

నవనీతకు అడగాలనిపించింది. ఏడో తరగతి చదువుతో ఇలాంటివి అడగడానికి ఆమెకు నోరు రాదు. అయినా బిడ్డ సంగతి కదా. "కరెంటు పోతే పాత ఫోన్ మోగేది. ఇది మోగతాదా దిలీపూ? పాపకు ఏమన్నా అయ్యి హాస్టలోళ్ళు చేస్తే?"

"బ్యాటరీ పెడతానక్కా" అన్నాడతను.

"దీనికి భయం తప్ప ఇంగేం తెల్దప్పా. నువ్వు పని సూడు" అని నవ్వాడు పురుషోత్తం.

ఇంకొకటి చెప్పాడు దిలీప్. ఎవరూ ఎత్తకపోతే మిషనే మాట్లాడుతుంది. ముందే రికార్డు చేసి పెట్టిన మాట వినిపిస్తుంది. వంటింటి గడపలో నిలబడ్డ నవనీతకు ఒళ్ళంతా తేలికైపోయింది. మిషను చెప్తుంది! ఇక ఆ మాట తన నోట రాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఈ ఇంటికి వచ్చిన వస్తువుల్లో తనకోసం వచ్చినది ఇదొక్కటే అనిపించింది. ప్రియకు చెప్పాలి, ఫోన్ ఎత్తడం మానేసినాను పాపా అని.

"గొంతు ఎవురిది పెట్టమంటారు సార్? కంపెనీది ఉండాది, బెంగళూరు అమ్మాయిది."

"అదెవురో రైతులకు ఏం తెలుసు? ఈమెదే పెట్టు" అన్నాడు పురుషోత్తం. "ఈమె చెప్తే నమ్ముతారు."

నమ్ముతారు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది.

ఆఫీసులో హమాలీల ముందు ఆమెను నిలబెట్టి అతనే మాటలు చెప్పించాడు. "నమస్కారం. ఓనరుగారు ఊర్లో లేరు. మీ పేరు, మీ ఊరు చెప్పి పెట్టేయండి. వస్తానే మేమే చేస్తాము." బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు ఆమె చెప్పింది. "ఏడుస్తాండేట్టుండాది. ఇంగోసారి." మళ్ళీ చెప్పింది. "నవ్వతా చెప్పవే, పెండ్లికి పిలిచినెట్ల." మూటల మీద కూర్చున్న వాళ్ళెవరో నవ్వారు. నవనీత తల ఇంకా కిందికి దిగింది. ఇంతలో లారీ వచ్చిందని కేక వినబడి పురుషోత్తం బయటికి పరిగెత్తాడు. "గంటలో వస్తా. బాగా చెప్పి పెట్టు" అన్నాడు పోతూ. హమాలీలూ వెనకే పోయారు. దిలీప్ "ఈ గుండ్రటి బటను నొక్కి మాట్లాడక్కా, అయిపోతానే మళ్ళా నొక్కితే అదే ఉండిపోతాది" అని చూపించి, వైరు లాగడానికి మిద్దె ఎక్కాడు.

నవనీత ఆ నల్ల ఫోను ముందు కూర్చుంది. ఇంతకాలం అబద్ధం చెప్పాక పొయ్యి దగ్గరికి పోయి దండం పెట్టుకునేది. ఇకనుంచి తాను నిద్రపోతున్నా, కాన్పుకో చావుకో పుట్టింటికి సదుం పోయినా, ఇక్కడ తన గొంతు ఆ మాట అంటూనే ఉంటుంది. పుంగనూరులో అంటుంది, కుప్పంలో అంటుంది. తాను చచ్చిపోయినా వీళ్ళు తీస్తారన్న నమ్మకం లేదు. సిద్దమ్మ మనవరాలు హాస్టల్లో స్పీకరు పెట్టి ప్రియకు వినిపిస్తుంది.

వేరేలా చెప్తే? అలవాటు ప్రకారం చెడ్డవన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. ఆయన అరుస్తాడు. ఫోను గోడకేసి కొడతాడు, ఆ తర్వాత ఏం చేస్తాడో. అత్త అన్నం మానేసి ముసుగు తన్నుతుంది. సదుం బస్సెక్కిస్తారు. ప్రియ చదువు ఆపేస్తానంటాడు. ఒక్కొక్కటే చూసింది. దేన్నీ తోసెయ్యలేదు. అన్నీ జరిగేవే. అన్నిటికంటే చివర, ఫోన్‌లో గొంతు తగ్గించిన ప్రియ కనిపించింది. అది మాత్రం జరిగిపోయింది.

గుండ్రటి బటను నొక్కింది.

సంగటి పూటకు పురుషోత్తం వచ్చాడు. కంచం ముందు కూర్చుని, "అయిందా? ఏదీ, చేసి సూస్తాం" అని తన సెల్ నుంచే ఎర్ర పెయింటు నంబరు నొక్కి, తల్లికి కూడా వినబడాలని స్పీకరు పెట్టాడు. వంటింట్లో కొత్త ఫోను మోగడం మొదలుపెట్టింది. నవనీత కదల్లేదు. సంగటి ఉండ కట్టకుండా తెడ్డు తిప్పుతూనే ఉంది. మోగి మోగి ఆగింది. అలవాటుకు సగం లేచిన ఎడమచెయ్యితో పురుషోత్తం సెల్ వైపు వంగాడు.

అందులోంచి నవనీత గొంతు వణుకుతూనే, తడబడకుండా వచ్చింది.

"నమస్తే అప్పా. నేను నవనీతను. ఆయన ఊర్లోనే ఉండారు. అన్నం తింటాండారు. కాయ చెట్టు మీద పెట్టుకోని మా కోసరం కూసోవద్దండి, వేరే మండీ సూసుకోండి. సిద్దమ్మా, నువ్వు వింటాండావా? ఆ దినం దగ్గింది ఆయనే."