సన్నని చీలిక

నేను ఒక అగరొత్తుల డబ్బాను. దేవుడి అలమరలోనే బతుకు వెళ్లిపోతుందనుకున్నాను. ఒత్తులన్నీ అయిపోయాక నన్ను చెత్తబుట్టలో వేయబోయిన చేయి ఎందుకో ఆగింది. ఆ చేయి మా పేట గ్రంథపాలకురాలు హైమవతిది. ఆదివారం ఉదయం ఒక గంటసేపు పిల్లలకు వెలుగు గురించి, రంగుల గురించి, నక్షత్రాల గురించి వాళ్లచేతనే ప్రయోగాలు చేయించి చెప్పాలని ఆవిడ పట్టుదల.

గ్రంథాలయంలో ఆ గంట దొరకడం మాటలు కాదు. అక్కడ ఒకే పేపరును షీట్లుగా విడదీసి పంచుకు చదివే పెద్దలదే రాజ్యం. వాళ్లకు పెద్ద, రిటైరైన బస్సు కండక్టర్ నరసింగరావు గారు.

"పేపర్ చదువుకునే హాలమ్మా ఇది. ఈ వారం చూస్తాం. ఈ డబ్బాలో నువ్వు చూపిస్తానన్న రంగులు కనపడకపోతే మళ్లీ అడగమాక" అన్నారాయన.

హైమవతి నా ఒక చివర చీలిక కోసింది. రెండో చివర లోపల సీడీ ముక్కను వాలుగా అతికించి, దానిపైన కన్ను పెట్టి చూసేందుకు రంధ్రం చేసింది. అది ఎవరిదో పెళ్లి సీడీ. ఆ పెళ్లిని రెండోసారి చూసినవాళ్లు లేరట.

ఆదివారం పిల్లలు ఒక్కొక్కరే చూశారు. "తెల్లగా ఉంది మేడమ్, ఇంకేం లేదు" అన్నారు. వెలుగు బాగా రావాలని ఆవిడ చీలికను వేలెడు వెడల్పున కోసేసింది మరి, రంగులన్నీ ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయాయి! ఎంత తెరిస్తే అంత దక్కుతుందని మనుషుల నమ్మకం. నరసింగరావు గారు పేపరు విప్పబోయారు. నాకు ఏడుపొచ్చింది. నాలో రంగులున్నాయని చెప్పడానికి నోరు లేదు.

హైమవతి వెనక్కి తగ్గలేదు. "కాస్త ఆగండి బాబాయ్ గారూ" అంటూ చీలికపై రెండు అట్టముక్కలు ఎదురెదురుగా అతికించి, వెంట్రుకవాసి సందు మిగిల్చింది. "ముందు మీరే చూడండి. సూర్యుడివైపు మాత్రం వద్దు, ఆ ట్యూబ్‌లైట్ వైపు పెట్టండి."

ఆయన విసుగ్గా అందుకున్నారు. చాలాసేపు నన్ను దించలేదు.

"ఇదేందమ్మా, పచ్చ ఒకచోట, ఎరుపు ఒకచోట... చారలు చారలుగా ఉందే!"

"కిటికీలోంచి ఆకాశం చూడండి, రంగులు తెగకుండా వస్తాయి. ఒక్కో వెలుగుది ఒక్కో తీరు. మీరు పేపరు షీట్లు విడదీసి చదివినట్టే శాస్త్రవేత్తలు వెలుగును విడదీసి చదువుతారు. నక్షత్రంలో ఏముందో అక్కడికి పోకుండానే తెలిసేది ఇట్టాగే."

ఆయన లేచి తన జట్టువైపు తిరిగారు. "పేపర్లు మడవండయ్యా. పిల్లలకు చోటియ్యండి."

ఆ ఆదివారపు గంట ఇప్పటికీ నడుస్తోంది. నా మూలలు నలిగాయి, గంధం వాసన పోయింది. ఒంటిమీద గ్రంథాలయం ముద్రతో పుస్తకాల పక్కన నిలబడ్డాను. మొన్న ఒక పాప నా సందును పెద్దది చేద్దామని గోరు పెట్టింది.

నరసింగరావు గారు పేపరులోంచి తలెత్తారు.

"చెయ్యి తియ్యి తల్లీ, అందులో చుక్కలున్నాయి."