పొయ్యి కింద పిడత

నా వంటిల్లు తవ్వడానికి వచ్చినవాళ్లకి వంట కూడా నేనే చేస్తున్నాను. ఇంకా పొయ్యి దాకా రాలేదు కాబట్టి ఒక పక్క పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలుతుంటాయి, రెండో పక్క గోతిలోంచి దుమ్ము లేస్తుంటుంది. ఒక చేత్తో గుడ్డ అడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో రొట్టెలు తిప్పుతుంటే నా మొగుడు ఫిదెన్సియో గుమ్మంలోంచి, "ఏమే, పచ్చడిలో కారం తగ్గించు, పట్నం వాళ్లు" అన్నాడు. చాకిరీ నాది, మర్యాద తనది.

ఇంటి వెనక భాగం పడగొట్టి యాత్రికులకి గదులు కడతాడట. మా ఊళ్లో ఎక్కడ పార వేసినా పాతకాలపు పెంకు తగులుతుంది కాబట్టి ముందు పురావస్తు శాఖ వాళ్లు తవ్వి చూసి సరే అనాలి. ఆ గదులు ఎవరు ఊడుస్తారని అడిగితే, "నువ్వున్నావు, నెరెయిదా ఉంది. సొంత ఇంటికి పనిమనుషులా?" అన్నాడు. నెరెయిదా మా కూతురు. దానికి వహాకా పట్నంలో నర్సు చదువుకి సీటొచ్చింది. "అక్కడైనా ఎవరివో దుప్పట్లేగా మార్చేది? ఆ మార్చేదేదో ఇక్కడే మారిస్తే పోలా?" అని నవ్వాడు. అది తిండి మానేసి పడుకుంది. వహాకాలో కాలేజీ సోమవారం తెరుస్తారు.

శాఖ తరఫున తవ్వకం చూసుకునే మరిసెలా మంచి పిల్లే. "దోన్ ఫిదెన్సియో, భయపడకండి. సమాధుల్లాంటివేం లేవు. పొయ్యి కింద పొయ్యి, దాని కింద ఇంకో పొయ్యి. అన్నీ వంటిళ్లే" అంది.

"అయితే ఏమీ లేనట్టేగా!" అని ఫిదెన్సియో చేతులు రుద్దుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. గోతి గట్టు మీద వాళ్లు తీసిపెట్టిన నూరుడు రాయి ఉంది, మధ్యలో పళ్లెంలా అరిగిపోయి. రాయి అంత అరగాలంటే ఎంతమంది ఆడవాళ్ల మోకాళ్లు అరగాలి? ఏమీ లేదట. నా అత్త కూడా ఈ పొయ్యి దగ్గరే పోయింది, చేతిలో అట్లకాడతో. ఆవిడ పోయిందని ఏడవడానికి వచ్చినవాళ్లకి కూడా నేనే వండాను. ఆ రోజూ కారం ఎక్కువైందనే అన్నాడు.

మర్నాడు నా పొయ్యి రాళ్లు ఎత్తేశారు. కింద చిన్న పిడత కనబడింది, మూతికి సున్నం మెత్తి ఉంది. అందరూ మూగారు.

"ఇదేంటో తేలేదాకా పని ఆపాలి" అంది మరిసెలా. "ఉత్త పొయ్యిలు వేరు, ఇలా మూసి పాతింది వేరు. పాతకాలందైతే ఈ వంటింటి జోలికి పోకూడదు."

"ఎన్నాళ్లు?"

"నెలలు పట్టొచ్చు."

ఫిదెన్సియో టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఆ పిడతేమిటో నాకు తెలుసు. మా వైపు మగపిల్లాడి బొడ్డూడితే పొలంలో పాతుతారు, తిరిగి సంపాదించాలని. ఆడపిల్లదైతే పొయ్యి కింద, ఇల్లు కదలకూడదని. ఆడవాళ్లే చాటుగా చేసే పని, పిడత ఎలా ఉంటుందో ఏ మగాడూ చూసి ఉండడు. నెరెయిదా బొడ్డు మా అత్త పాతిన రోజు ఫిదెన్సియో ఆడపిల్ల పుట్టిందన్న దిగులుతో తాగి ఎక్కడో పడున్నాడు. తర్వాత పిల్ల అలిగినప్పుడల్లా ఆవిడ, "ఎక్కడికి పోతావే? నీ బొడ్డు పొయ్యి కిందుంది" అని వెక్కిరించేది.

నోరు మూసుకుంటే చాలు. గదులుండవు, దుప్పట్లుండవు. నోరు మూసుకోవడం నాకేమైనా కొత్తా? కానీ మూసుకుంటే నాకు దక్కేదేంటి? ఈ వంటిల్లే. నా తర్వాత నెరెయిదాకి. నా బొడ్డు కొండ అవతల మా అమ్మ పొయ్యి కింద ఇప్పటికీ పడి ఉంది, నన్ను మాత్రం పదిహేడేళ్లకే తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. నన్ను కట్టిపడేసింది బొడ్డు కాదు, మనుషులు. నెరెయిదా గుమ్మంలో నిలబడి పిడతనే చూస్తోంది. దానికీ అర్థమైంది.

"అది పాతది కాదమ్మా" అన్నాను మరిసెలాతో. "నా కూతురి బొడ్డు. లోపల ఎర్ర దారం కట్టి ఉంటుంది. చూసి ఇచ్చెయ్."

ఆమె మూతి దగ్గర సున్నం కొద్దిగా గీకి, లోపలికి చూసి, రెండు చేతులతో తెచ్చి నాకిచ్చింది.

"ముందే చెప్పి ఏడవొచ్చుగా!" ఫిదెన్సియో మొహం వెలిగిపోయింది. "ఇంకేం, పునాదులు తీయిద్దాం."

నేను పిడత తీసుకెళ్లి నెరెయిదా చేతుల్లో పెట్టాను. "వహాకాకి పట్టుకుపో. నీకు నచ్చినచోట పాతుకో. ఆదివారం బస్సుకి నేనే ఎక్కిస్తాను."

"అది పోతే? గదుల పని? పొయ్యి దగ్గరెవరుంటారు?" అని అరిచాడు.

గోతి పక్కన పడున్న పార తీసి అతని చేతికిచ్చాను.

"నీ బొడ్డు మీ అమ్మ మొక్కజొన్న చేలో పాతిందిగా. వెళ్లి తవ్వుకురా. కొత్త పొయ్యి కింద పెడదాం."